చెరువు నుండి పేటకు: మద్రాసు త్యాగరాయనగర్ నివాస చరిత్ర

ఉపోద్ఘాతం

నగరంలో ప్రశాంతమైన నివాస ప్రాంతం దానంతటదే ఏర్పడదు. భూమి, చట్టం, రవాణా, పాలకుల సంకల్పం కలిసి దానిని రూపొందిస్తాయి. తగిన కట్టుబాట్లు లేనప్పుడు ఆ కారణాలే కాలక్రమంలో ఆ ప్రశాంతతను హరిస్తాయి. మద్రాసులోని త్యాగరాయనగర్ ఇందుకు నిదర్శనం. తెలుగువారి రాజకీయ, సాంస్కృతిక చరిత్రతో ముడిపడిన ఈ పేట పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చెరువు స్థానంలో పేట

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో మౌంట్ రోడ్డుకు పడమర మైలాపూరు, నుంగంబాకం చెరువులు ఒకే పొడవైన జలాశయంగా ఉండేవి. దాని ఆవల మాంబలం గ్రామం. పెరుగుతున్న నగరానికి ఇళ్ల స్థలాలు అవసరమయ్యాయి. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం అందుకు మార్గం చూపింది. జస్టిస్ పార్టీ పాలనలో 1923 నుండి చెరువు భాగాన్ని పూడ్చి కొత్త పేట నిర్మాణం చేపట్టారు. అప్పటి ప్రథమ మంత్రి పానగల్ రాజా పానగంటి రామారాయణింగారు తెలుగువారు. మధ్యలో ఉద్యానవనం, దాని నుండి నలువైపులకు సాగే వెడల్పాటి రోడ్లు ఈ ప్రణాళికకు ఆధారం. ఉద్యానవనానికి పానగల్ పేరు, పేటకు 1925లో మరణించిన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. ఉస్మాన్, నాయర్, నటేశ మొదలియార్ వంటి పేర్లు వీధులకు, పార్కులకు దక్కాయి. ఆ విధంగా పేట పటమే ఒక రాజకీయ పక్షపు స్మృతిచిహ్నమైంది.

నివాసులు, సంస్కృతి

1931లో మద్రాసు బీచ్ - తాంబరం మార్గంలో విద్యుత్ రైళ్లు నడవడంతో, మాంబలం స్టేషను దగ్గర ఇల్లు కట్టుకొని నగరంలో ఉద్యోగం చేయడం సులభమైంది. తర్వాతి దశాబ్దాలలో చలనచిత్ర రంగం తెలుగు కళాకారులను ఇక్కడికి చేర్చింది. బజుల్లా రోడ్డులో రాజాజీ, ఎన్.టి. రామారావు నివసించారు. చిత్తూరు నాగయ్య పూనికతో వెలసిన వాణీమహల్ సంగీత, నాటక ప్రదర్శనలకు వేదికైంది. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిన కొద్దీ ఈ కుటుంబాలలో అనేకం పేటను విడిచాయి.

ప్రశాంతత క్షీణత

ఇళ్ల కోసం వచ్చిన రైలే దుకాణాలకూ జనాన్ని తెచ్చింది. స్టేషను నుండి ఉస్మాన్ రోడ్డుకు దారితీసే రంగనాథన్ వీధి కాలక్రమంలో దేశంలోనే అత్యంత రద్దీ గల వాణిజ్య వీధులలో ఒకటైంది. పాండీబజారు కూడా అదే దారిలో సాగింది. నివాసానికి వేసిన వెడల్పాటి రోడ్లు వ్యాపారానికి అనుకూలించాయి. స్థలాల విలువ పెరిగి, తోటల నడుమ ఉన్న ఇళ్లు బహుళ అంతస్తుల భవనాలుగా మారాయి. మరోవైపు, 2015 డిసెంబరు, 2021 నవంబరు వర్షాలలో పేట వీధులు నీట మునిగాయి. పూడ్చిన చెరువు పల్లపు స్వభావం పూర్తిగా పోలేదని ఆ వరదలు తెలిపాయి.

ముగింపు

త్యాగరాయనగర్ చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి: నీటి స్థానంలో నివాసం, నివాసంలో సంస్కృతి, ఆపై వాణిజ్యం. ప్రతి దశా ముందరి దశను కొంత తుడిచిపెట్టింది. అందుచేత నివాస ప్రాంతాల చరిత్రను భవనాల వర్ణనకే పరిమితం చేయక, వాటికి ముందున్న భూవినియోగంతోనూ, వాటిని నిర్మించిన రాజకీయంతోనూ కలిపి చదవవలసి ఉంది. ఆ దృష్టి లేనిదే తెలుగువారు మద్రాసులో నిర్మించినదేమిటో, విడిచివచ్చినదేమిటో సమగ్రంగా బోధపడదు.