మరగ్ కోసం బార్కస్ దాకా

హైటెక్ సిటీలో మందీ బోర్డు చూసి "దుబాయ్ ఫ్యాషన్ గురూ" అంటారు మా టీమ్ కుర్రాళ్ళు. కానీ 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికే అరబ్బు వంట మన ఊళ్ళో బాగా పాతది.

యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకొచ్చిన సిపాయిల బ్యారక్సే జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. 1948 సెప్టెంబరులో సైనిక చర్యతో నిజాం పాలన పోయింది, ఆ కొలువులూ పోయాయి (లేఆఫ్ అంటే అదీ!). కొందరు వెనక్కి పోయారు, మిగిలినవాళ్ళు ఇక్కడే పాతుకుపోయారు.

మలేషియా లక్సాలో చైనా వలసదారుల నూడుల్స్, మలయా మసాలాలు కలిసినట్టే, ఎముకల మాంసం ఉడికించిన మరగ్‌లోనూ వలస కథే ఉంది. ఊరొచ్చినప్పుడల్లా నేను దానికోసమే బార్కస్ పోతాను. 2010లో జీఐ గుర్తింపు హలీమ్‌కి దక్కింది. దాని పూర్వీకుడు హరీస్ మాత్రం బార్కస్‌లో ఇంకా పొద్దుటి టిఫినే. వెళ్తే తెల్లారే వెళ్ళండి.