జలశీతలీకరణము: గేమింగ్ కంప్యూటరు
గేమింగ్ కంప్యూటరునందలి ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు పుట్టించు వేడిని నీటి ప్రవాహముచేత గ్రహించి, రేడియేటరు మూలముగా గాలిలోనికి విడుచుటకు, యజమాని స్వయముగా భాగముల నెన్నుకొని కూర్చుకొను ఏర్పాటు. 2022లో వెలువడిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డొక్కటియే 450 వాట్ల వఱకు విద్యుత్తును గ్రహించుననియు, అది దాదాపంతయు తుదకు ఉష్ణముగానే పరిణమించుననియు గుర్తించినచో, ప్రణాళిక రేడియేటరుతోనే ఏల ఆరంభింపవలయునో బోధపడును. కంప్యూటరు పెట్టెలో ఎంత పొడవు, ఎంత మందము గలది ఇముడునో, దానికి బిగించు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లకు చోటు మిగులునో లేదో ముందుగా కొలిచి చూడక, మెఱయు గొట్టములను, రంగునీళ్లను కొనువారే పెక్కురు. నీరు వడిగా తిరుగుచుండుటచే అది ప్రవహించు వలయమందంతటను ఉష్ణోగ్రత ఇంచుమించు సమముగా నుండును గనుక భాగముల వరుసక్రమమునకు అంత ప్రాధాన్యము లేదు. అయినను నీటితొట్టి మాత్రము పంపునకు ముందు, దానికంటె ఎత్తున ఉండవలెను, ఏలయన నీరందక తిరిగిన పంపు చెడిపోవును. ప్రాసెసరు, కార్డులపై బిగించి వేడిని నీటికందించు రాగి బ్లాకులతో అల్యూమినియము రేడియేటరును కలుపరాదు. ఒకే ద్రవమున తడిసిన ఆ రెండు లోహములలో అల్యూమినియము క్రమముగా క్షయించును. కుళాయినీరు పనికిరాదు, స్వేదనజలమునకు తుప్పును, నాచును నివారించు ద్రవ్యములను చేర్చి వాడుదురు. కూర్పు ముగిసిన పిమ్మట తక్కిన భాగములకు విద్యుత్తు నీయక, పంపు నొక్కదానినే కొన్ని గంటలు నడిపి, ప్రతి ఫిట్టింగు క్రిందను కాగితపు తువ్వాలు పఱచి, ఎచ్చటను తడి లేదని నిశ్చయించుకొనవలెను.