పాలపిట్ట: పట్టడం, అమ్మడం, చూపడం

దసరాకు ముందు అడవి పాలపిట్టలను పట్టి పంజరాల్లో పెట్టి, పండుగనాడు పైసలు తీసుకొని చూపించడం తెలంగాణలో చాలాకాలంగా సాగుతున్న చట్టవిరుద్ధ వ్యాపారం. ఇక్కడ అమ్ముడుపోయేది పిట్ట కన్నా ఎక్కువగా దాని దర్శనం. కొన్నవాడు ఇంటికి ఏమీ తీసుకుపోడు కాబట్టి, అడవి ప్రాణుల వ్యాపారంలో తనకూ పాలుందన్న ఊహే అతనికి రాదు.

1758లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టిన ఈ పక్షికి నల్లగొండ, పాలమూరు మెట్ట నేలలు సొంతిల్లు. కరెంటు తీగ మీదో ఎండుకొమ్మ మీదో కదలకుండా కూర్చుంటుంది. మిడత, పేడపురుగు, చిన్న తొండ ఏది కనబడినా దిగి అందుకుంటుంది. గింజలు తినదు, పైరుకు మేలే చేస్తుంది. తల విరిగి మోడైన తాటిచెట్ల తొర్రల్లోనూ గుడ్లు పెడుతుంది. తాటివనాలున్న నల్లగొండలో అలాంటి మోళ్లకు కొదవ లేదు. దీని ఈకల ముక్కలు గడ్డిలో కలిపి ఆవుకు పెడితే పాలు ఎక్కువ ఇస్తుందని ఒక నమ్మకం ఉండేది. పిట్టకు పేరు అందువల్లే వచ్చిందంటారు. అదే నిజమైతే, పిట్టకు గిరాకీ పేరులోనే ఉందన్నమాట.

దసరా సాయంత్రం పొలిమేర దాటి, జమ్మిచెట్టుకు మొక్కి, ఆకును ‘బంగారం’ అని పంచుకుంటారు. ఆ దారిలో పాలపిట్ట కనబడితే ఏడాదంతా శుభమని నమ్మకం. అజ్ఞాతవాసం ముగిసిన పాండవులకు ఇదే పిట్ట ఎదురైందని కథ చెబుతారు. ఆచారానికి కావలసింది పొలిమేర దాకా నడక, ఎగిరే పిట్ట. పట్నంలో పొలిమేర దూరమైంది. మనిషి పిట్ట దగ్గరికి పోవడం మాని, పిట్టనే గుడి మెట్ల దగ్గరికి తెప్పించుకున్నాడు. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

పక్షులను కాపాడే చట్టాలు కొత్తవి కావు. బ్రిటిష్ ఇండియాలో 1902లో ఈకల ఎగుమతిని నిషేధించారు. ఐరోపా స్త్రీల టోపీల కోసం రంగుల పక్షులను అప్పటికే పెద్దయెత్తున చంపారు. 1912 నాటి అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం బ్రిటిష్ ఇండియా చట్టం. ఈ ప్రాంతం అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి అది ఇక్కడ చెల్లలేదు. 1931–32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు నమూనాల కోసం తుపాకీతో కొట్టడం శాస్త్రానికి మామూలు పద్ధతి. ఇవాళ పరిశోధనకైనా అనుమతి కావాలి.

మలుపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో ‘వేట’ అంటే చంపడమొక్కటే కాదు: ఉచ్చు వేయడం, వల పన్నడం, పట్టుకోవడం, గూడు చెదరగొట్టడం, గుడ్లు తీయడం కూడా వేటే. అయినా మొదట్లో కొన్ని జాతుల వేటకు లైసెన్సులుండేవి. 1991 సవరణ ఆ తలుపు మూసింది. 2022 సవరణ షెడ్యూళ్లను ఆరు నుంచి నాలుగుకు తగ్గించి, సాధారణ నేరానికి జరిమానా పరిమితిని 25 వేల రూపాయల నుంచి లక్షకు పెంచింది. జైలు శిక్ష మూడేళ్ల దాకా ఉండవచ్చు. జోస్యం చెప్పే రామచిలుకకూ ఇదే చట్టం వర్తిస్తుంది. చిలుకను పంజరంలో ఉంచడం నేరమని మనవాళ్లు అనుకోరు, అంతే.

చట్టం బరువు అందరి మీదా ఒకేలా పడదు. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి చెంచుల సీమ. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో అక్కడ తిరిగి వారిపై పుస్తకం రాశాడు. ఈ అడవి ఇప్పుడు నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుకు తేనె తీసి అమ్ముకునే హక్కు ఇచ్చింది గానీ, సంప్రదాయ హక్కుల లెక్కలోంచి వేటనూ ఉచ్చులనూ పేరుపెట్టి మినహాయించింది. పొరుగున తమిళనాడులో పాములు పట్టే ఇరులలు 1978లో సహకార సంఘం పెట్టుకొని, అనుమతితో విషం తీసి మందుల తయారీకి అమ్ముతున్నారు. విషం తీశాక పామును వదిలేస్తారు. పిట్టలు పట్టి బతికిన సంచార కుటుంబాలకు అలాంటి దారి ఎవరూ చూపలేదు. అందుకే దసరా దాడుల్లో దొరికేది పంజరం మోసేవాడు. పది రూపాయలిచ్చి దండం పెట్టినవాడి పేరు ఎక్కడా ఎక్కదు. నేరం ఒకటే అయినా నైతిక భారమంతా పేదవాడి నెత్తిన వేయడం నాకు సరిగా తోచదు.

పిట్టకు జరిగేది మాత్రం దాపరికం లేనిది. ఎగరకుండా కాళ్లు కడతారు, రెక్కలు కడతారు లేదా జిగురు పూస్తారు, ఈకలు కత్తిరిస్తారు. పురుగులు తినే పక్షికి పంజరంలో తగిన మేత దొరకదు. అడవి జంతువు చట్టం దృష్టిలో ప్రభుత్వ ఆస్తి కనుక, విడిపించినవారు జాలితోనైనా ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేదు. ఈకలు కత్తిరించిన పాలపిట్టను వెంటనే వదిలినా లాభం లేదు. పాత మొదళ్లు రాలి కొత్త ఈకలు మొలిచేదాకా, పండుగ దాటిపోయాక కూడా, అది మళ్లీ పంజరంలోనే ఉండాలి.