కన్ను కాలికి దోడు



రాత్రివేళ పెరటిలోనికిఁ బోవునపుడు గోడ తడవుకొనుచు నడచుట మనయీడువారికి వాడుకయే. దాని కారణము నాకు మాదాపూరులోఁ దెలిసినది. 1998లో ప్రధాని వాజపేయిగారు సైబరుటవర్సు భవనమును ప్రారంభించిన ప్రాంతమది. మా కుమారుని కాపురమచ్చటనే. ఆ యింట మెట్టు తప్పి పడితిని. ఎముక విఱుగలేదు గాని, పిమ్మట రెండు నెలలు భయముచేఁ గుర్చీ విడువనైతిని.

కుమారుఁడు నన్నొక వ్యాయామచికిత్సాలయమునకుఁ గొనిపోయెను. అచ్చట నొక పలకపై నిలువుమనిరి. పలక నాలుగు మూలల బరువునెఱుఁగు సాధనములుండును. వాని లెక్కనుబట్టి శరీరభారమెచ్చటఁ బడుచున్నదో యెదుటి తెరపై నొక చుక్క చూపును. నేను నిటారుగానే నిలిచితిననుకొంటిని. చుక్క యెడమకుఁ బోయెను. దోషము పలకదేయని కొంతసేపు వాదించితిని కూడ!

మనము నిలుచుటకుఁ గన్ను, లోచెవి, పాదములయు కీళ్లయు స్పర్శజ్ఞానము, ఈ మూఁడును గావలయును. స్పర్శ చెడినవారు కన్నులు మూసినంతనే తూలుదురని బెర్లిను వైద్యుఁడు రోంబెర్గు 1840ల దశకమున వ్రాసెను. చీఁకటిలో గోడ తడవుట యిందుచేతనే.

ఈ యెఱుకను చికిత్సగా మార్చినవాఁడు స్విట్జర్లాండులోని హైడెను గ్రామవైద్యుఁడు ఫ్రెంకెలు. 1880ల చివర నొక రోగిని, వ్రేలితో ముక్కు నంటుమనఁగా నతఁడు తప్పెనఁట. కొన్ని నెలలకు మఱల వచ్చి చక్కఁగా నంటెను. ఏమి చేసితివనఁగా, పరీక్షలో నెగ్గఁగోరి యింటనభ్యసించితినని చెప్పెనని ప్రతీతి. బడిపంతులనగు నాకీ కథ మిక్కిలి రుచించినది. అట్టి శిష్యులు నాకెందఱు దొరకిరి! అటుపై ఫ్రెంకెలు, నేలపై గుఱుతులు వేసి, కన్నులతోఁ జూచుచు నడుగులు వేయుమని రోగులకు నేర్పెను.

తెరపైని చుక్క యా గుఱుతులకు మనుమరాలు. 2007 డిసెంబరులో జపానునందు నింటెండో సంస్థ ఆటకై యిట్టి పలకను విడుదలచేయఁగా, చికిత్సకులును దానిని గైకొనిరి. అయినను పలకయే సర్వమని నేను జెప్పను. పక్షవాతరోగులపై జరిగిన పరీక్షలనన్నిటిని 2004లో సమీక్షింపఁగా, రెండు కాళ్లపై సమముగా నిలుచుట మెఱుగైనదేగాని, నడకలో లాభము గానరాలేదు. నిలుచుట వేఱు, నడచుట వేఱు. కావున నన్ను పలక దింపి, నేలగీఁతపైఁ గూడ నడిపించిరి. మీ వసారాలో సున్నపుగీఁత చాలును. ప్రక్కనొకరు పట్టుకొనుటకుండవలెను, వైద్యునొకమాఱడుగవలెను.

మొన్న దుర్గము చెఱువు గట్టుదాఁక నడచి వచ్చితిని. చేతికఱ్ఱను మాత్రమింకను విడువలేదు.