ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపనము

గృహోపయోగమునకైన కంప్యూటరునందలి హార్డ్ డిస్కుపై, ఆ యంత్రమును నడపు మూల సాఫ్ట్‌వేరును క్రొత్తగా నెలకొల్పుట ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపనము అనబడును. 1981 ఆగస్టు 12న వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునందు డాస్ అను ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్లాపీనుండియే నడచుచుండుటచే స్థాపనావశ్యకత లేకుండెను. 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో పి.సి. ఎక్స్.టి. వచ్చిన పిదప ఆ శ్రేణి యంత్రములలో నీ ప్రక్రియ స్థిరపడెను. 1995 ఆగస్టు 24న విడుదలయైన విండోస్ 95 యొక్క ఫ్లాపీ ప్రతిలో 13 ఫ్లాపీలను ఒకదాని వెంట నొకటిగా మార్చవలసి యుండెను. 2006 జూన్ 1న వచ్చిన ఉబుంటు 6.06 అను ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే సీడీనుండి వ్యవస్థను ముందు నడిపి చూచి, సమ్మతమైనచో అచ్చటినుండియే స్థాపించుకొను సౌలభ్యమును గల్పించెను.

ఇందు మిక్కిలి జాగరూకత వలసిన ఘట్టము డిస్కు విభజనము. పూర్వపు ఎం.బి.ఆర్. అను విభజన పద్ధతిలో నాలుగు ప్రధాన విభాగములకు మించి యుండవు, జి.పి.టి. పద్ధతిలో సాధారణముగా 128 వరకు నుండవచ్చును. విభాగమును ఫార్మాట్ చేయుటతో అందలి ఛాయాచిత్రములు, లేఖలు మొదలగునవి అందుబాటునుండి తొలగును గావున, వాని నకలును వేరొక డిస్కున ముందే భద్రపరుపవలయును. డెబియన్ అను ఆపరేటింగ్ సిస్టమును స్థాపించునపుడు ఎంచుకొనదగు భాషలలో తెలుగును గలదు.