యతీమ్ తరఫున వకీల్ ఎవరు?

యతీమ్‌ఖానాలో జుల్మ్ జరిగితే ఫరియాద్ ఎవరికి చెయ్యాలి? మళ్లీ ఆ నాజిమ్ సాబ్‌కేనా?

ఉత్తర వేల్స్ పిల్లల చిక్కు ఇదే. 1974 తర్వాత క్లూయిడ్, గ్వినెడ్ కౌంటీల బాలల గృహాల్లో ఎందరో పిల్లలు హింసకు గురయ్యారు. నోరు తెరిస్తే నమ్మినవాళ్లు తక్కువ. పెద్దయ్యాక వాళ్లిచ్చిన గవాహీ విని, రొనాల్డ్ వాటర్‌హౌస్ ట్రిబ్యునల్ 2000లో ‘లాస్ట్ ఇన్ కేర్’ నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాదే వేల్స్‌కు పిల్లల కమిషనర్ వచ్చారు. 2002 చట్టం ఇంకో అడుగు వేసింది: ఫిర్యాదు చేసే పిల్లలకే కాదు, సంరక్షణ నుంచి బయటికొచ్చిన యువతకు కూడా తరఫున మాట్లాడే మనిషిని కౌన్సిలే ఏర్పాటు చెయ్యాలి. ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లు ఆ వకీల్ కాకూడదని 2004 నిబంధనలు చెప్పాయి.

యతీమ్ మాల్ వాపసు చేసేటప్పుడు గవాలను పెట్టుకొమ్మని సూరె నిసాలో మనకూ హుకుం ఉంది. వలీ ఎంత నేక్ మనిషైనా సరే.

మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, 18 నిండి గృహం విడిచేవారికి ఆర్థిక సాయం ‘చేయవచ్చు’ అంటుంది. చేయకపోతే అడిగేదెవరు?

జకాత్ ఇచ్చి రసీదు తీసుకుంటాం కదా. పిల్లల ఫరియాద్ వినడానికి కమిటీకి బయటి మనిషి ఉన్నారా అని కూడా ఈసారి అడుగుదాం.