ఇష్టమైన పుస్తకంలో వదిలేసిన సంగతి: గోల్డ్‌స్మిత్ పాఠకుడిగా కందుకూరి

కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్వీయచరిత్రలో తన తొలి నవల పుట్టిన తీరు చెప్పుకున్నారు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను తెనిగించాలని మొదలుపెట్టారు. కొన్ని ప్రకరణాలు సాగాక అది తృప్తినివ్వలేదు. ఆ పని విడిచి, సొంతంగా కథ కల్పించుకొని ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. 1878లో అది ‘వివేకవర్ధని’ పత్రికలో వెలువడింది, 1880లో పుస్తకమైంది. ఆయన దాన్ని వచన ప్రబంధం అన్నారు. ‘నవల’ అనే పేరు ఆ పుస్తకాన్ని విమర్శించిన కాశీభట్ల బ్రహ్మయ్యశాస్త్రి వల్ల వ్యాప్తిలోకి వచ్చిందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు.

అప్పటినుంచి ఈ నవల మీద జరిగిన చర్చలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఇది అనువాదమా, అనుసరణా, స్వతంత్ర రచనా? ఆ ప్రశ్నకు ఇప్పటికే చాలినంత జవాబు దొరికిందని నా అభిప్రాయం. అడగవలసింది మరొకటి మిగిలింది. ఒక పుస్తకం మీద అంత మమకారం పెంచుకున్న రచయిత, తన రచనకు కూర్చున్నప్పుడు అందులో దేన్ని ముట్టుకోకుండా వదిలేశాడు? నచ్చినవాటిని తీసుకోవడం ఎవరైనా చేస్తారు. రచయిత ఇష్టం ఎలాంటిదో అతడు వదిలేసినవాటిలోనే బాగా తెలుస్తుందన్నది ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన వాదం.

ముందు ఆయన చదువు సంగతి. షేక్స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆయన చేతిలో ‘చమత్కార రత్నావళి’ అయింది. షెరిడన్ రాసిన ‘ది రైవల్స్’ ‘కల్యాణ కల్పవల్లి’గా, ‘ది డ్యుయెన్నా’ ‘రాగమంజరి’గా మారాయి. కూపర్ ‘జాన్ గిల్పిన్’ను, గోల్డ్‌స్మిత్ కావ్యం ‘ది ట్రావెలర్’ను తెలుగులోకి తెచ్చారు. స్విఫ్ట్ ‘గలివర్స్ ట్రావెల్స్’ ఆధారంగా ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాశారు. షేక్స్పియర్‌ను పక్కన పెడితే వీళ్లందరూ పద్దెనిమిదో శతాబ్దం వాళ్లే. కందుకూరి నవల రాసేనాటికి డికెన్స్ కన్నుమూసి ఎనిమిదేళ్లయింది, జార్జ్ ఎలియట్ ‘మిడిల్‌మార్చ్’ వచ్చి కొన్నేళ్లు గడిచింది. అయినా ఆయన మనసు నూరేళ్ల వెనకటి పుస్తకాల మీదే నిలిచింది. మన బడుల్లో ఇంగ్లీషు చదువు ఆ రచయితలతో సాగడం ఒక కారణం కావచ్చు. అంతకన్నా పెద్ద కారణం ఆ శతాబ్దపు రచనల స్వభావంలో ఉందని నాకు అనిపిస్తుంది. లోకంలోని మూఢత్వాన్ని కథలో పెట్టి, నవ్విస్తూ దిద్దడం ఆ రచయితలకు అలవాటు. సంఘాన్ని దిద్దడమే జీవితంగా పెట్టుకున్న మనిషికి అంతకన్నా దగ్గరి బంధువులు ఎక్కడ దొరుకుతారు?

ఈ వరుసలో గోల్డ్‌స్మిత్‌ది ప్రత్యేక స్థానం. ‘వికార్’ 1766లో అచ్చయింది. దాని రాతప్రతి చేతులు మారిన కథను బాస్వెల్ నమోదు చేశాడు. అద్దె బాకీ పడ్డాడని ఇంటి యజమానురాలు గోల్డ్‌స్మిత్‌ను పట్టించింది. కబురందుకున్న డాక్టర్ జాన్సన్ వచ్చి, ఆ రాతప్రతి చూసి, తీసుకెళ్లి 60 పౌండ్లకు అమ్మిపెట్టాడు. కథలోని పాదిరి డాక్టర్ ప్రిమ్‌రోజ్ కూడా అద్దె కట్టలేకే చెరసాలకు వెళతాడు. రచయిత పడ్డ కష్టం పాత్ర కష్టంలో కనిపిస్తుంది కాబట్టే ఆ పాదిరి అంత సజీవంగా ఉన్నాడని నేను నమ్ముతాను.

ఈ చిన్న పుస్తకాన్ని ప్రేమించిన రచయితలు ఎందరో. స్ట్రాస్‌బర్గ్‌లో హెర్డర్ దీన్ని బిగ్గరగా చదివి వినిపించగా యువకుడు గోథే విన్నాడు. ఆ తర్వాత సెసెన్‌హైమ్ పల్లెలో బ్రియాన్ అనే పాదిరి ఇంట అడుగుపెట్టినప్పుడు తాను ప్రిమ్‌రోజ్ కుటుంబంలోకే వచ్చినట్లు తోచిందని ఆత్మకథలో రాసుకున్నాడు. డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో మారుతండ్రి పెట్టే బాధలు పడే పిల్లవాడికి మేడ మీది గదిలో తోడుగా నిలిచిన పుస్తకాల్లో ‘టామ్ జోన్స్’, ‘డాన్ క్విక్సోట్’, ‘రాబిన్సన్ క్రూసో’లతో పాటు ఇదీ ఉంది. జేన్ ఆస్టెన్ ‘ఎమ్మా’లో రాబర్ట్ మార్టిన్ అనే రైతు చదివిన పుస్తకాల్లోనూ ఉంది. గోథేకు అందులో ప్రశాంతమైన పల్లె కాపురం కనిపించింది, డికెన్స్‌కు దిక్కులేని బాల్యానికి ఆసరా దొరికింది. రాజమహేంద్రవరం పాఠకుడు కందుకూరికి కనిపించింది మరొకటి: ఉన్నంతలో ధర్మంగా బతికే ఇల్లు, యజమాని అమాయకత్వం వల్ల, నమ్మినవాళ్ల మోసం వల్ల కూలిపోయి, తిరిగి లేచిన కథ.

ఆ చట్రం ‘రాజశేఖర చరిత్రము’లో స్పష్టంగా తెలుస్తుంది. ప్రిమ్‌రోజ్ సొమ్ము పట్నంలోని వర్తకుడి దగ్గర ఉంటుంది, అతడు పరారవుతాడు. రాజశేఖరుడి సంపదను పొగడ్తలతో చేరినవాళ్లు కొంత తింటే, బంగారం చేసి పెడతానన్న బైరాగి మిగిలింది ఊడ్చుకుపోతాడు. అక్కడ బర్చెల్ అనే పేదవాడు చివరికి సర్ విలియం థార్న్‌హిల్‌గా బయటపడతాడు. ఇక్కడ రామరాజు అనే బాటసారి పెద్దాపురం ప్రభువు కృష్ణ జగపతి అని తేలుతుంది. ఇద్దరు పెద్దమనుషులూ చెరసాల చూస్తారు. ఇద్దరి ఇళ్లూ చివరకు నిలుస్తాయి.

బైరాగి దగ్గర కాసేపు ఆగాలి. గోల్డ్‌స్మిత్ కథలో మోజెస్ అనే కుర్రవాడు సంతలో గుర్రాన్ని అమ్మి, ఆ డబ్బుతో గ్రోసు పచ్చ కళ్లద్దాలు కొనుక్కొస్తాడు. వెండి చట్రాలనుకున్నవి రాగివని ఇంటికొచ్చాక తెలుస్తుంది. లోహం మెరుపు చూసి మోసపోవడం రెండు కథల్లోనూ ఉంది. అయితే అక్కడ మోసపోయింది చిన్నవాడు, పోయింది ఒక గుర్రం. కందుకూరి ఆ మోసాన్ని ఇంటి పెద్ద నెత్తిమీదికి తెచ్చారు, దానికి మతం ముసుగు తొడిగారు. కాషాయం కట్టినవాడి మాట మీద గుడ్డి నమ్మకం, స్వర్ణవిద్య మీద ఆశ ఆనాటి గోదావరి సీమలో ఎన్నో ఇళ్లను ముంచాయి. ఇంగ్లీషు నవలలో నవ్వుకొని దాటిపోయే సంఘటన తెలుగులో కథకు ఇరుసైంది. చదివిన పుస్తకాన్ని తన ఊరి నేలలో నాటడం అంటే ఇదీ.

ఊరంటే ధవళేశ్వరమే. అక్కడి బడిలో పంతులుగారు పనిచేశారు. 1874లో ‘వివేకవర్ధని’ని అక్కడినుంచే ప్రారంభించారు. నవల గోదావరి వర్ణనతో, ధవళేశ్వరం కొండతో, జనార్దనస్వామి గుడితో మొదలవుతుంది. అంతకుముందు పెదవులు కలవకుండా పలికే అక్షరాలతోనే నలుడి కథను ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’గా రాసిన పండితుడు ఆయన. చిన్నయసూరి బాటలో ‘విగ్రహము’, ‘సంధి’ రాసిన గ్రాంథికుడు. అలాంటివాడు గుడి మెట్ల మీద, రచ్చబండ మీద, వంటింట్లో జరిగే సంగతులను వచనంలో రాయడానికి పూనుకోవడం వెనుక గోల్డ్‌స్మిత్ ఇచ్చిన ధైర్యం ఉంది. సామాన్యమైన ఇల్లు గొప్ప కథకు చాలునన్న నమ్మకం ఆ పుస్తకం నుంచే వచ్చింది.

ఇక వదిలేసినవాటి దగ్గరికి వస్తాను. మొదటిది కథ చెప్పే గొంతు. ‘వికార్’ అంతా ప్రిమ్‌రోజే చెబుతాడు. తన తెలివి మీద ఆయనకున్న నమ్మకం, అది తప్పుతున్న తీరు పాఠకుడికి కనిపిస్తుంటుంది, ఆయనకు కనబడదు. ఆ పుస్తకం అందమంతా ఆ దూరంలో ఉంది. కందుకూరి ప్రథమ పురుషలో కథ నడిపారు. రాజశేఖరుడి లోపల ఏముందో మనకు అంతగా తెలియదు. నవలగా ఇది నష్టమే అని ఒప్పుకోవాలి. బదులుగా భూతవైద్యం, జ్యోతిషం, శకునాలు, పొగడ్తల కొలువు వంటివన్నీ రచయిత తన కళ్లతో నేరుగా చూపించగలిగారు. రాజశేఖరుడి కళ్లతో చూపించి ఉంటే అవేవీ తప్పుగా కనిపించేవి కావు, ఆయనకు అవన్నీ సహజమే కనుక.

రెండో విడుపు ఇంకా పెద్దది. ప్రిమ్‌రోజ్‌కు ఒక పట్టుదల ఉంది. భార్య చనిపోయిన పాదిరి మళ్లీ పెళ్లాడటం ధర్మవిరుద్ధమని అతడి సిద్ధాంతం. విస్టన్ అనే పండితుడి వాదాన్ని అనుసరించి దాని మీద కరపత్రాలు రాస్తాడు. భార్య డెబొరా బతికుండగానే ఆమెకు స్మారకవాక్యం రాసి, పటం కట్టించి పొయ్యి పైన గోడకు తగిలిస్తాడు. కొడుకు జార్జ్‌కు పెళ్లి కుదిరిన ఇంటి పెద్ద విల్మాట్‌తో ఇదే విషయం మీద వాదం పెట్టుకుంటాడు. ఆ విల్మాట్ అప్పటికి నాలుగో పెళ్లి ప్రయత్నంలో ఉన్నాడు. ఇదే ప్రిమ్‌రోజ్ తన పాదిరి ఉద్యోగం మీద వచ్చే ఏడాదికి 35 పౌండ్లను పాదిరుల వితంతువులకు, అనాథలకు ఇచ్చేస్తాడు. వితంతువు ఆకలి తీరుస్తాడు, పునర్వివాహాన్ని మాత్రం ఒప్పుకోడు. పుస్తకమంతటిలోనూ ఆ పాత్రకు అన్నిటికన్నా గుర్తుండే లక్షణం ఈ పట్టుదలే.

రాజశేఖరుడిలో ఇది లేదు. తర్వాత వితంతు పునర్వివాహం కోసం ఊరి వెలివేతను ఎదిరించిన రచయిత కంట ఈ ప్రకరణం పడకపోయే అవకాశమే లేదు. చూసి పక్కన పెట్టారు. ఎందుకు? ఇంగ్లండులో అది మగవాడి పెళ్లి గురించిన వాదం, అందుకే హాస్యానికి తగింది. గోదావరి జిల్లాలో మగవాడు భార్య పోయిన మర్నాడే సంబంధం వెతుక్కోవచ్చు, నాలుగోసారి పీటల మీద కూర్చున్నా అడిగేవాడు లేడు. ఇక్కడ ప్రశ్నంతా పసుపు కుంకుమలు పోగొట్టుకున్న చిన్నపిల్ల గురించి. దాన్ని చతురోక్తిగా రాయడానికి పంతులుగారి చెయ్యి సాగలేదు. ఆ మౌనం వెనుక ఉన్నది గౌరవమే అని నేను గట్టిగా అంటాను.

రాజశేఖరుడి దగ్గర తీసేసిన ప్రశ్న నవలలో మరో చోట తలెత్తింది. రాజశేఖరుడి పెద్ద కూతురు రుక్మిణి. కాశీకి వెళ్లిన ఆమె భర్త నృసింహస్వామి చనిపోయాడని కబురు వస్తుంది. ఇల్లంతా శోకంలో మునుగుతుంది. దారిలో దొంగల దాడి తర్వాత రుక్మిణి కూడా చనిపోయిందనే అందరూ అనుకుంటారు. చివరికి ఇద్దరూ బతికే ఉంటారు, కలుసుకుంటారు. దీనికి మూలం ఒలీవియా. ప్రిమ్‌రోజ్ కూతురు ఒలీవియాకు జరిగింది దొంగపెళ్లి అనుకుంటారు, జెన్కిన్సన్ అనేవాడు రప్పించింది నిజమైన పాదిరినే అని తేలి పెళ్లి నిలుస్తుంది. ఆమె చనిపోయిందని చెరసాలలో ఉన్న తండ్రికి చెబుతారు, ఆమె సజీవంగా ఎదుట నిలుస్తుంది. గోల్డ్‌స్మిత్ అబద్ధమైన పెళ్లిని నిజం చేశాడు. కందుకూరి నిజమనుకున్న వైధవ్యాన్ని అబద్ధం చేశారు. రెండు సమాజాల్లో ఆడపిల్ల బతుకు ఏ మాట మీద తెగిపోతుందో ఈ ఒక్క మార్పు చెబుతుంది. అక్కడ పెళ్లి చెల్లకపోవడం, ఇక్కడ భర్త పోవడం.

భర్తను తిరిగి తెచ్చి రచయిత చిక్కు తప్పించుకున్నారని అనేవాళ్లు ఉన్నారు. నాకు అది న్యాయంగా తోచదు. నవల నడిచేది పెద్దాపుర సంస్థానం ఏలిన కాలంలో, వితంతు పునర్వివాహ చట్టం వచ్చిన 1856కు ముందు. ఆ కాలంలో రుక్మిణికి మళ్లీ పెళ్లి చేస్తే కథ నమ్మకం కోల్పోయేది. పైగా తేదీలు చూడాలి. నవల పత్రికలో వచ్చింది 1878లో, ఆయన వితంతు వివాహం మీద బహిరంగంగా ఉపన్యసించింది 1879లో. రుక్మిణి కోసం వెతికిన పరిష్కారం ఆయనకే చాలలేదని, ఆ అసంతృప్తి తర్వాతి అడుగుకు తోడ్పడిందని ఊహించడానికి ఆ క్రమం చోటిస్తుంది. చనిపోయిన భర్తలు కాశీ నుంచి తిరిగి రారని ఆయనకన్నా ఎవరికి బాగా తెలుసు?

తర్వాత స్విఫ్ట్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ మొహమాటం లేదు. ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’లోని ఆడుమళయాళంలో స్త్రీలు ఏలుతారు, పురుషులు అణగి ఉంటారు. మన ఇళ్లలో ఆడవాళ్లకు విధించినవన్నీ అక్కడ మగవాళ్లకు విధులు. ‘రాజశేఖర చరిత్రము’లో కన్నీళ్లతో చెప్పిన సంగతే అక్కడ తలకిందులై నిలిచింది. గోల్డ్‌స్మిత్ ఆయనకు జాలి నేర్పితే స్విఫ్ట్ కోపం నేర్పాడు. పాత్రల కల్పనలో మొదటిదే మేలైన రచన, వాదనలో రెండోది. ఈ రెండిటినీ ఒకే రచయిత ఇష్టాలుగా కలిపి చూసిన పరిశీలనలు తక్కువ.

‘రాజశేఖర చరిత్రము’ను హచిన్సన్ ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో 1887లో ఇంగ్లీషు చేశాడు. ఆ విధంగా గోల్డ్‌స్మిత్ పుస్తకం నుంచి బయలుదేరిన కథ ధవళేశ్వరం మీదుగా మళ్లీ గోల్డ్‌స్మిత్ భాషకు చేరింది. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ఈ రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చదివించాలని కోరుతున్నాను. మూలానికి అనుకరణ ఎంత దగ్గరన్న లెక్క తేల్చడం కోసం కాదు. ఒలీవియా దగ్గర మొదలుపెట్టి రుక్మిణి దాకా, అక్కడినుంచి 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో పంతులుగారు జరిపించిన తొలి వితంతు వివాహం దాకా విద్యార్థులు నడిచి రావాలి. ఆ పెళ్లికూతురి పేరు గౌరమ్మ.